యాడ్ లింకుల్లో స్క్రిప్టు దూరుస్తున్నారు: పట్టుకోవడం ఎలా, ఆపడం ఎలా?

గవర్నర్‌పేట_వెబ్‌డెస్క్ | శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారమండీ. విజయవాడ నుంచి నడిచే ఒక తెలుగు వార్తల సైటుకి టెక్నికల్ పని చూస్తుంటాను. నెట్‌వర్కుల నుంచి వచ్చే యాడ్స్ కాక, బీసెంట్ రోడ్డు చీరల షాపులు, బందరు రోడ్డు నగల షాపులు, కోచింగ్ సెంటర్ల బ్యానర్లు మేమే నేరుగా వేస్తాం. బ్యానర్ నొక్కితే ముందు మా సర్వర్లోని క్లిక్ పేజీకి వస్తుంది. అది క్లిక్‌ని లెక్కలో రాసుకుని, "మీరు ఫలానా ఆఫర్ పేజీకి వెళ్తున్నారు" అని ఒక లైను చూపించి, ప్రకటనదారు సైటుకి పంపుతుంది. వెళ్లాల్సిన అడ్రసు, ఆఫర్ పేరు రెండూ ఆ లింకులోనే పారామీటర్లుగా (లింకు చివర తగిలించే విలువలుగా) ఉంటాయి.

దసరా యాడ్స్ మొదలైన దగ్గర్నుంచి లాగుల్లో (సర్వర్‌కి వచ్చిన ప్రతి లింకూ రాసుండే ఫైళ్లు) వింత లైన్లు కనపడుతున్నాయి. ఆఫర్ పేరు ఉండాల్సిన చోట శాతం గుర్తు, 3, సి (లింకుల్లో లెస్‌దాన్ గుర్తుకి వాడే కోడ్ ఇది). వెంటనే స్క్రిప్ట్ అనే మాట. తర్వాత శాతం గుర్తు, 3, ఈ. ఇంకొన్నిట్లో అడ్రసు ఉండాల్సిన చోట జావాస్క్రిప్ట్, కోలన్. హోస్టింగు వాళ్లకి చెప్తే ఫైర్‌వాల్ (అనుమానం ఉన్న లింకుల్ని ఆపే వడపోత) ఆన్ చేశారు. అప్పట్నుంచి మా సొంత తెలుగు యాడ్ లింకులే 403 (అనుమతి లేదు) అంటున్నాయి, షాపుల వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. ఏది నిజమైన దాడో ఎలా తేల్చుకోవాలి? మంచి లింకులు పోకుండా చెడ్డవాటిని ఎలా ఆపాలి?

మోడరేటర్ | శనివారం, రాత్రి 8:55

మంచి ప్రశ్న. ఒక్క విన్నపం: పని చేసే దాడి లింకులు ఎవరూ ఇక్కడ అతికించొద్దు. ఈ పోస్టులో లాగానే మాటల్లో చెప్పండి, అర్థమవుతుంది.

లాగ్‌ఫైల్_గుంటూరు | శనివారం, రాత్రి 9:20

ముందు కంగారు తగ్గించుకోండి. లాగులో అలాంటి లైను ఉందంటే ఎవరో తలుపు తట్టారని అర్థం, లోపలికి వచ్చేశారని కాదు. ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి సైటునీ బాట్లు (తమంతట తామే తిరిగే ప్రోగ్రాములు) ఇలా తట్టి పోతూనే ఉంటాయి. తేల్చుకోవాల్సింది ఒక్కటే: లింకులో పంపినది మీ పేజీలో ఉన్నదున్నట్టు తిరిగి వస్తోందా, లేదా?

చూసే పద్ధతి చెప్తాను. ఆఫర్ పేరు పారామీటర్లో మీరే ఎక్కడా ఉండని ఒక పిచ్చి మాట రాయండి. దాని వెనక సింగిల్ కోట్, డబుల్ కోట్, లెస్‌దాన్ గుర్తు, గ్రేటర్‌దాన్ గుర్తు పెట్టండి. పేజీ తెరిచి సోర్సు (పేజీ వెనక కోడ్) చూడండి. ఆ పిచ్చి మాట ఎన్నిచోట్ల కనపడుతుందో అన్నిచోట్లా దాని వెనక గుర్తులు ఎలా వచ్చాయో గమనించండి. లెస్‌దాన్ గుర్తు ఆంపర్‌సాండ్, ఎల్, టీ, సెమీకోలన్‌గా మారి వస్తే అక్కడ ఫర్వాలేదు. గుర్తు గుర్తుగానే వస్తే కన్నం ఉన్నట్టే.

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. 2000 ఫిబ్రవరిలోనే అమెరికాలోని సైబర్ భద్రతా సంస్థ సర్ట్ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ (పొట్టిగా ఎక్స్ఎస్ఎస్) అన్న పేరు అప్పటిదే. ఇన్నేళ్లయినా పోకపోవడానికి కారణం లింకు మీద మీ డొమైన్ పేరు ఉండటమే. వాట్సాప్ గ్రూపులో మీ సైటు పేరుతో లింకు వస్తే మన పాఠకుడు నమ్మి నొక్కుతాడు. లోపల నడిచే స్క్రిప్టు ఎవడిదైనా సరే, బ్రౌజరుకి అది మీ సైటు స్క్రిప్టే. దొంగ లాగిన్ పెట్టె చూపించొచ్చు, కుకీ (లాగిన్‌ని గుర్తుంచుకునే ముక్క) పట్టుకుపోవచ్చు.

లాగు చదివేటప్పుడు ఇంకో సంగతి. శాతం గుర్తుకి కూడా ఒక కోడ్ ఉంది: శాతం, 2, 5. కాబట్టి కొందరు రెండు మడతలు వేసి పంపుతారు: శాతం, 25, 3సి. ఒకసారి విప్పితే శాతం 3సి, మళ్లీ విప్పితే లెస్‌దాన్. మీ కోడ్ లోపల ఎక్కడైనా రెండోసారి విప్పే పని జరుగుతుంటే ఇది తగులుతుంది. లాగుని రెండుసార్లు విప్పి చదవండి, కోడ్‌లో మాత్రం ఒక్కసారికి మించి విప్పకండి.

ఫైనలియర్_కుర్రాడు | శనివారం, రాత్రి 9:48

అన్నా, నేను గుంటూరు పక్కనే ఇంజనీరింగ్ ఫైనలియర్. చిన్న డౌటు. స్క్రిప్ట్ అనే మాట కనపడగానే లింకులోంచి తీసేస్తే సరిపోదా?

లాగ్‌ఫైల్_గుంటూరు | శనివారం, రాత్రి 10:05

సరిపోదు తమ్ముడూ. ఒకటి, ఆ మాట మధ్యలో అదే మాటని ఇరికించి పంపుతారు. నువ్వు లోపలిదాన్ని తీసేయగానే అటూ ఇటూ ముక్కలు కలిసి మళ్లీ అదే మాటవుతుంది. రెండు, స్క్రిప్ట్ అనే మాటే అక్కర్లేదు. లేని బొమ్మ ఒకటి పెట్టి, దానికి ఆన్‌ఎర్రర్ తగిలిస్తే చాలు, బొమ్మ దొరకలేదని బ్రౌజరు ఆ కోడ్ నడుపుతుంది. మూడు, సబ్‌స్క్రిప్షన్, ప్రిస్క్రిప్షన్, డిస్క్రిప్షన్ అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాటని కడుపులో పెట్టుకున్నవే. ఒక మందుల షాపు యాడ్ ఇచ్చిందనుకో, దాని లింకు నీ చేతుల్లోనే విరిగిపోతుంది.

క్లిక్‌లెక్క_బెంజిసర్కిల్ | ఆదివారం, ఉదయం 7:30

వెబ్‌డెస్క్ గారూ, మీ తెలుగు లింకులకి 403 ఎందుకొస్తోందో నేను చెప్తాను. బెంజి సర్కిల్ దగ్గర ఒక ఏజెన్సీలో యాడ్ ఆపరేషన్స్ చూస్తాను, ఈ తలనొప్పి మాకు ప్రతి పండక్కీ ఉంటుంది.

యూఆర్ఎల్‌లో ఒక్కో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, సున్న అన్నీ విడివిడిగా మూడేసి బైట్లు. ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. "సంక్రాంతి" అని రాస్తే యూనికోడ్ లెక్కలో 9 ముక్కలు, అంటే 27 బైట్లు, లింకులో 81 అక్షరాలు. శాతం గుర్తులే 27! "ఎన్‌కోడింగ్ మరీ ఎక్కువగా ఉంది, అనుమానం" అని లెక్క కట్టే ఫైర్‌వాల్ రూల్‌కి మన పండగ పేరే దాడిలా కనపడుతుంది. ఇంగ్లీషు సైట్లని ఊహించుకుని రాసిన రూల్స్ అవి.

గుర్తుపట్టడం తేలిక. తెలుగు అక్షరాలన్నీ ఈ0 బీ0 లేదా ఈ0 బీ1 తో మొదలవుతాయి. లాగులో ఆ జంటలు వరసగా కనపడితే అది తెలుగు, దాడి కాదు. 3సి, 3ఈ, 22, 27 కనపడితే అప్పుడు ఆగి చూడండి, అవి లెస్‌దాన్, గ్రేటర్‌దాన్, డబుల్ కోట్, సింగిల్ కోట్. మధ్యలో ఈ2 80 8సి వస్తే భయపడకండి, "ఇన్‌స్టా" లాంటి మాటల్లో పొల్లు పక్క అక్షరానికి అంటుకోకుండా మన కీబోర్డు వేసే కనపడని గుర్తు అది. తెలుగు రేంజ్ మాత్రమే ఒప్పుకునే ఫిల్టర్లు దీని దగ్గరే తడబడతాయి.

ఇంకో మాట. కొన్ని ఫిల్టర్లు శుభ్రం చేస్తున్నామని లింకు మొత్తాన్ని చిన్నక్షరాల్లోకి మార్చేస్తాయి. గూగుల్ యాడ్స్ తగిలించే జీక్లిడ్ అనే క్లిక్ గుర్తింపు కోడ్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉంటుంది. మార్చారంటే ఆ క్లిక్ ఎవరి ఖాతాలోనూ పడదు, షాపు వాళ్లు డబ్బులు దండగయ్యాయంటారు.

గవర్నర్‌పేట_వెబ్‌డెస్క్ | ఆదివారం, ఉదయం 9:10

మేడం, సరిగ్గా అదే! 403 వచ్చిన లింకులన్నీ తెలుగు పేర్లున్నవే. ఇంగ్లీషు అక్షరాల్లో పేరు రాసినవి దాటిపోతున్నాయి. చాలా థాంక్సండీ.

లాగ్‌ఫైల్ గారూ, మీరు చెప్పిన పరీక్ష చేశాను. "మీరు వెళ్తున్నారు" అన్న లైనులో లెస్‌దాన్ మారి వస్తోంది. కానీ కింద ఒక బటన్ ఉంది, దానికి ఆఫర్ పేరు టైటిల్ యాట్రిబ్యూట్‌గా (మౌస్ పెడితే కనపడే పేరుగా) కూడా వెళ్తుంది. అక్కడ సింగిల్ కోట్ మారకుండా వచ్చేస్తోంది. సైటు పీహెచ్‌పీ, పాత వెర్షన్.

బ్రాడీపేట_పీహెచ్‌పీ | ఆదివారం, ఉదయం 10:25

ఇది నా పేటలో విషయం. మీ కోడ్‌లో హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ (గుర్తుల్ని హాని లేని కోడ్‌గా మార్చే ఫంక్షన్) వాడుతున్నారు కదా? పీహెచ్‌పీ 8.1 కి ముందు ఆ ఫంక్షన్‌కి ఏమీ చెప్పకపోతే డబుల్ కోట్‌నే మారుస్తుంది, సింగిల్ కోట్‌ని వదిలేస్తుంది. 2021 లో వచ్చిన 8.1 నుంచే రెండూ మార్చడం డిఫాల్ట్ అయింది. మీ బటన్ యాట్రిబ్యూట్ సింగిల్ కోట్లలో ఉండుంటుంది. అందులోంచి కోట్ మూసేసి, పక్కన ఆన్‌మౌస్‌ఓవర్ (మౌస్ పైకి రాగానే కోడ్ నడిపేది) పెడితే పనైపోయింది, లెస్‌దాన్ అవసరమే లేదు. రెండు కోట్లనీ మార్చమనే ఈఎన్‌టీ కోట్స్ ఫ్లాగూ, యూటీఎఫ్-8 రెండూ స్పష్టంగా రాయండి. వెర్షన్ మార్చినా సరే, రాసే ఉంచండి.

ఇక వెళ్లాల్సిన అడ్రసు సంగతి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఎంత బాగా వాడినా జావాస్క్రిప్ట్ కోలన్‌తో మొదలయ్యే లింకుని ఆపలేదు, ఎందుకంటే అందులో మార్చాల్సిన గుర్తులే ఉండవు. "మేం ఫిల్టర్ వ్యాలిడేట్ యూఆర్ఎల్ పెట్టాం" అంటారు, లింకు సరిగా ఉందో లేదో చూసే పీహెచ్‌పీ ఫిల్టర్ అది. దగ్గరగా చూడండి. జావాస్క్రిప్ట్, కోలన్, రెండు స్లాష్‌లు, ఏదో ఒక మాట, శాతం 0ఏ, ఆ తర్వాత కోడ్. పీహెచ్‌పీ దీన్ని సరైన యూఆర్ఎల్ అనే అంటుంది, స్కీము (కోలన్ ముందున్న మాట) ఉంది, రెండు స్లాష్‌లున్నాయి, హోస్టు (సైటు పేరు) లాంటిది ఉంది. బ్రౌజరు దగ్గరికి వెళ్లాక ఆ రెండు స్లాష్‌లే జావాస్క్రిప్ట్‌లో కామెంటు. శాతం 0ఏ విప్పితే కొత్త లైను. కామెంటు అక్కడితో అయిపోయి, కింది లైను కోడ్‌గా నడుస్తుంది.

అందుకే నిషేధాల జాబితా రాయకండి, అనుమతుల జాబితా రాయండి. స్కీము హెచ్‌టీటీపీఎస్ అయితేనే ముందుకి, కాకపోతే లేదు. జావాస్క్రిప్ట్ అనే మాట కోసం వెతికితే మధ్యలో ట్యాబు పెట్టి పంపుతారు, బ్రౌజరు యూఆర్ఎల్‌లోని ట్యాబుల్నీ కొత్త లైన్లనీ తీసిపారేసి చదువుతుంది. ముందు ఖాళీ ఉన్నా, పెద్దక్షరాలున్నా దానికి ఒకటే.

హోస్టు పేరు కూడా సరిచూడండి. "ఈ షాపు పేరు లింకులో ఉందా" అని చూడటం చాలదు. షాపు డొమైన్ తర్వాత ఎట్ గుర్తు పెట్టి దొంగ డొమైన్ రాస్తే, బ్రౌజరు ఎట్ ముందున్నదాన్ని యూజర్ పేరనుకుంటుంది. బ్యాక్‌స్లాష్‌ని బ్రౌజర్లు మామూలు స్లాష్‌గా చదువుతాయి, పీహెచ్‌పీ అలా చదవదు. కాబట్టి విడగొట్టాక వచ్చిన హోస్టు, మీ జాబితాలోని హోస్టు అక్షరం పొల్లుపోకుండా సమానమా అని చూడాలి.

ఆటోనగర్_సర్వర్ | ఆదివారం, ఉదయం 11:15

హెడర్లలో (పేజీతో పాటు సర్వర్ బ్రౌజరుకి పంపే సూచనల్లో) ఎక్స్ఎస్ఎస్ ప్రొటెక్షన్ అని ఒకటి ఉంది కదండీ, అది పెట్టేస్తే బ్రౌజరే చూసుకుంటుంది.

లాగ్‌ఫైల్_గుంటూరు | ఆదివారం, ఉదయం 11:40

అది వెళ్లిపోయింది గురూజీ. ఎడ్జ్ 2018 లో తీసేసింది, క్రోమ్ 2019 లో 78 వ వెర్షన్‌తో తీసేసింది, ఫైర్‌ఫాక్స్‌లో అసలెప్పుడూ లేదు. ఆ హెడర్ మీద భరోసా పెట్టుకోకండి.

లబ్బీపేట_బ్యానర్స్ | ఆదివారం, మధ్యాహ్నం 2:05

నేను బ్యానర్లు డిజైన్ చేసి జిప్ ఫైల్‌గా ఇస్తాను. అందులో క్లిక్‌ట్యాగ్ అని ఒకటి ఉంటుంది, ఎక్కడికి వెళ్లాలో బ్యానర్‌కి బయటినుంచి లింకు ద్వారానే చెప్తారు. ఇప్పుడు ఇదంతా చదివాక అనుమానం వస్తోంది, దీంట్లో కూడా దూర్చొచ్చా?

క్లిక్‌లెక్క_బెంజిసర్కిల్ | ఆదివారం, మధ్యాహ్నం 2:50

దూర్చొచ్చండీ, దానికి పెద్ద చరిత్రే ఉంది. ఫ్లాష్ బ్యానర్ల కాలంలో క్లిక్‌ట్యాగ్‌లో ఏది వస్తే దాన్ని చూడకుండా తెరిచేసేవి. అందులో జావాస్క్రిప్ట్ కోలన్ పెట్టి పంపితే, ఫైల్ ఏ సైటులో ఉంటే ఆ సైటు పేరు మీద నడిచేది. 2020 చివర్లో ఫ్లాష్ పోయింది, అలవాటు మాత్రం హెచ్‌టీఎంఎల్ 5 బ్యానర్లలోకి వచ్చింది. మీ బ్యానర్ కోడ్‌లో లొకేషన్ సెర్చ్ (లింకులో ప్రశ్న గుర్తు తర్వాత భాగం) నుంచి విలువ తీసుకుని నేరుగా విండో ఓపెన్‌కి (కొత్త పేజీ తెరిచేదానికి) ఇస్తుంటే, మధ్యలో స్కీము చూసే లైను పెట్టండి. మీరిచ్చే ఒక్క జిప్ ఎన్ని సైట్లలో పడుతుందో ఆలోచించండి, ఆ ఒక్క లైను అందరికీ మేలు.

2017 నవంబరులో ఇలాంటిదే పెద్ద స్థాయిలో బయటపడింది. ఐఫ్రేమ్ అంటే పేజీలో ఇంకో పేజీని చూపించే పెట్టె. ఐఫ్రేమ్ బస్టర్లని యాడ్ కంపెనీలు ఇచ్చే చిన్న హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుండేవి, పెద్ద యాడ్స్ ఐఫ్రేమ్ దాటి విచ్చుకోవడానికి పబ్లిషర్లు వాటిని తమ డొమైన్లోనే పెట్టుకునేవాళ్లు. వాటిల్లో కొన్ని, లింకులో చెప్పిన చోటినుంచి స్క్రిప్టుని తెచ్చి నడిపేవి. గూగుల్ తన డబుల్‌క్లిక్ పబ్లిషర్లకి ఆ ఫైళ్లు తీసేయమని చెప్పింది. మీ సర్వర్ రూట్‌లో ఎప్పటివో పాత యాడ్ ఫోల్డర్లుంటే ఈ రాత్రికే చూడండి. ఎవరు పెట్టారో తెలియని ఫైలు ఏదున్నా తీసి పక్కన పెట్టండి.

ఫైనలియర్_కుర్రాడు | ఆదివారం, మధ్యాహ్నం 3:30

మేడం, లొకేషన్ సెర్చ్ బదులు హ్యాష్ గుర్తు తర్వాత భాగం వాడితే? అది సర్వర్ లాగులో కూడా కనపడదు కదా.

లాగ్‌ఫైల్_గుంటూరు | ఆదివారం, సాయంత్రం 4:10

కనపడకపోవడమే ప్రమాదం తమ్ముడూ. హ్యాష్ తర్వాత భాగాన్ని బ్రౌజరు సర్వర్‌కి పంపనే పంపదు. లాగులో పడదు, ఫైర్‌వాల్ చూడదు. దాన్ని తీసుకుని పేజీలోని జావాస్క్రిప్ట్ ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌లో (ఇచ్చినదాన్ని పేజీ కోడ్‌గానే చదివే చోట) పోసిందనుకో, జరిగిందంతా పాఠకుడి ఫోన్లోనే జరుగుతుంది, మనకి ఆనవాలు కూడా ఉండదు. సైటులోని జావాస్క్రిప్ట్ ఫైళ్లలో లొకేషన్ అనే మాట ఎక్కడెక్కడ ఉందో వెతికి, ఆ విలువ ఎక్కడికి పోతుందో చేత్తో వెంట పడి చూడాల్సిందే. ఊరికే అక్షరాలు చూపించడానికైతే ఇన్నర్ హెచ్‌టీఎంఎల్ బదులు టెక్స్ట్ కంటెంట్ వాడితే చాలు.

బ్రాడీపేట_పీహెచ్‌పీ | ఆదివారం, సాయంత్రం 5:00

వెబ్‌డెస్క్ గారూ, ఒకటి అడగటం మర్చిపోయాను. ఆఫర్ పేర్లు లాగుల్లోకి వెళ్తున్నాయి సరే, మీరు షాపుల వాళ్లకి రిపోర్టు ఎక్కడినుంచి తీసిస్తారు?

గవర్నర్‌పేట_వెబ్‌డెస్క్ | ఆదివారం, సాయంత్రం 5:35

బయట కొన్న ఒక ప్యానెల్ ఉందండీ. క్లిక్కుల డేటాబేసు చదివి ఆఫర్ వారీగా పట్టిక చూపిస్తుంది. అందులోంచే సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలు) తీసి పంపుతాం.

మీరు అడిగాక ఇప్పుడే చూశాను. లాగ్‌ఫైల్ గారి పిచ్చి మాట ఆ పట్టికలో ఉంది. గుర్తులన్నీ గుర్తుల్లాగే ఉన్నాయి!

బ్రాడీపేట_పీహెచ్‌పీ | ఆదివారం, సాయంత్రం 5:50

నేను భయపడింది దానికే. క్లిక్ పేజీలో దూరితే ఆ లింకు నొక్కిన పాఠకుడికే నష్టం. ప్యానెల్లో దూరితే అడ్మిన్ లాగిన్‌తో మీరు తెరిచినప్పుడు నడుస్తుంది. వాడు ఎవర్నీ మోసం చేసి నొక్కించక్కర్లేదు. ఒకసారి క్లిక్ చేసి వదిలేస్తే, మీరే వెళ్లి తెరుస్తారు. అడ్మిన్ చేతిలోకి వెళ్తే అన్ని బ్యానర్ల లింకులూ మార్చేయొచ్చు.

ఇప్పుడే చేయాల్సింది: ప్యానెల్ తెరవడం ఆపండి. డేటాబేసులో నేరుగా లెస్‌దాన్ గుర్తున్న పేర్ల వరసల్ని వెతికి, కాపీ తీసుకుని పక్కన పెట్టి, పట్టికలోంచి తీసేయండి. అడ్మిన్ పాస్‌వర్డులు మార్చి, పాత సెషన్లన్నీ రద్దు చేయండి. సెషన్ కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ (స్క్రిప్టుకి కుకీ అందకుండా చేసేది) ఉందో లేదో చూడండి. ప్యానెల్ అమ్మినవాళ్లకి రాతపూర్వకంగా తెలియజేయండి.

సీఎస్‌వీ కూడా. ఈక్వల్స్ గుర్తుతో మొదలయ్యే పేరు ఎక్సెల్‌లో ఫార్ములా అవుతుంది. షాపు అకౌంటెంటు తెరిచే ఫైలు అది, వాళ్లకి ఈ గొడవలేమీ తెలియవు. ఈక్వల్స్, ప్లస్, మైనస్, ఎట్‌లతో మొదలయ్యే గడుల ముందు సింగిల్ కోట్ పెట్టి ఇవ్వండి.

ఆటోనగర్_సర్వర్ | ఆదివారం, రాత్రి 7:20

కంటెంట్ సెక్యూరిటీ పాలసీ (పేజీలో ఏ స్క్రిప్టులు నడవాలో బ్రౌజరుకి చెప్పే హెడర్) పెడితే ఇవన్నీ ఒక్క దెబ్బతో పోతాయి కదా?

క్లిక్‌లెక్క_బెంజిసర్కిల్ | ఆదివారం, రాత్రి 8:00

వార్తల పేజీల్లో అంత తేలిక కాదండీ. యాడ్ నెట్‌వర్కు ఇవాళ ఒక డొమైన్ నుంచి స్క్రిప్టు తెస్తుంది, రేపు ఇంకోదాన్నుంచి. డొమైన్ల జాబితా రాస్తూ పోతే అది చాంతాడంత అవుతుంది, చివరికి విసుగొచ్చి అన్నిట్నీ ఒప్పేసుకుంటారు. 2016 లో గూగుల్ పరిశోధకులు వెబ్‌లో ఉన్న ఈ పాలసీల్ని పరీక్షిస్తే, స్క్రిప్టుల్ని అదుపు చేయాలని పెట్టినవాటిల్లో 94 శాతానికి పైగా పనికిరానివే. డొమైన్ల జాబితా బదులు నాన్స్ (ప్రతిసారీ మారే రహస్య గుర్తు), స్ట్రిక్ట్ డైనమిక్ (ఆ గుర్తున్న స్క్రిప్టు తెచ్చేవాటినీ నమ్మడం) వాడమని వాళ్లు చెప్పింది అందుకే. అదైనా మొదట రిపోర్ట్ ఓన్లీ (దేన్నీ ఆపకుండా ఫిర్యాదు మాత్రమే పంపే) పద్ధతిలో పెట్టి, ఏం విరుగుతుందో కొన్నాళ్లు చూసుకోవాలి.

లాగ్‌ఫైల్_గుంటూరు | ఆదివారం, రాత్రి 8:30

మేడం చెప్పింది నిజం, కానీ సైటంతటికీ ఒకే పాలసీ ఉండాలని ఎవరన్నారు? క్లిక్ పేజీకి స్క్రిప్టుతో పనే లేదు. అక్కడ అన్నీ నిషేధించే పాలసీ ఇవాళే పెట్టేయొచ్చు, ఏ నెట్‌వర్కుకీ అడ్డు రాదు. ప్యానెల్‌కి కూడా గట్టిదే. వార్తల పేజీలకి మెల్లగా, మేడం చెప్పిన దారిలో.

బ్యానర్ జిప్‌లని మాత్రం మీ అసలు డొమైన్ మీద పెట్టకండి. వేరే డొమైన్ కొని, అక్కడినుంచి శాండ్‌బాక్స్ (లోపలి కోడ్‌కి హద్దులు పెట్టే ఏర్పాటు) ఉన్న ఐఫ్రేమ్‌లో చూపించండి. అసలు డొమైన్లోనే పెట్టి శాండ్‌బాక్స్‌కి అలౌ స్క్రిప్ట్స్, అలౌ సేమ్ ఆరిజిన్ అనే అనుమతులు రెండూ కలిపి ఇస్తే లోపలి స్క్రిప్టు ఆ శాండ్‌బాక్స్‌ని తనే తీసేసుకోగలదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. షాపులు మీవి, బ్యానర్లు మీవి, వెళ్లాల్సిన అడ్రసులు మీకు ముందే తెలుసు. అలాంటప్పుడు ఆ అడ్రసు లింకులో ఎందుకుండాలి? బ్యానర్‌కి ఒక నంబరు ఇవ్వండి. లింకులో ఆ నంబరు మాత్రమే. అడ్రసూ, ఆఫర్ పేరూ డేటాబేసులోంచి తీయండి. నంబరు కానిది ఏదొచ్చినా తిప్పి పంపండి. దూర్చడానికి చోటే ఉండదు, తెలుగు పేర్లకి 403 గొడవా ఉండదు.

మోడరేటర్ | ఆదివారం, రాత్రి 9:15

చట్టం సంగతి కూడా ఒక ముక్క. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28 న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వాళ్లు చెప్పిన రకాల సైబర్ ఘటనలు జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగులు 180 రోజులు ఉంచాలి. ప్యానెల్లో స్క్రిప్టు నిజంగా నడిచినట్టు ఆధారం దొరికితే ఆలస్యం చేయకండి. పాఠకుల్లో ఎవరికైనా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేయమనండి.

గవర్నర్‌పేట_వెబ్‌డెస్క్ | మంగళవారం, రాత్రి 10:20

అందరికీ చేతులెత్తి నమస్కారం. మా సొంత బ్యానర్లన్నీ నంబర్లకి మార్చాం. పాత లింకులు కొన్ని వాట్సాప్‌లో ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి, వాటిల్లో స్కీమూ హోస్టూ జాబితాతో సరిపోతేనే పంపుతున్నాం, లేకపోతే మా మొదటి పేజీకి. ఆఫర్ పేరుని లింకులోంచి తీసుకోవడం మానేశాం. ఫైర్‌వాల్ ఆపలేదు, తెలుగు లింకుల్ని పట్టేసే ఆ ఒక్క రూల్‌ని క్లిక్ పేజీ వరకు తీయించాం. ప్యానెల్ మూసేసే ఉంది. డేటాబేసులో దొరికిన వరసలన్నీ బాట్లవే అనిపిస్తోంది, అన్నిట్లో ఒకే రకం పరీక్ష మాట, బయటికి ఏదీ పంపే కోడ్ లేదు. అయినా సెషన్లన్నీ రద్దు చేశాం.

ఒక్కటి మిగిలింది. నెట్‌వర్కుల యాడ్స్‌లో వాళ్ల క్లిక్ లింకు మా లింకుకి ముందు తగలాలి, అది మాక్రోతో (యాడ్ సర్వర్ తర్వాత అసలు లింకుతో నింపే గుర్తు) వస్తుంది. ఎస్కేప్ చేసినది (గుర్తుల్ని శాతం కోడ్‌లోకి మార్చినది), చేయనిది అని రెండున్నాయి. ఏది వాడాలి?

క్లిక్‌లెక్క_బెంజిసర్కిల్ | మంగళవారం, రాత్రి 10:55

క్లిక్ మాక్రో మొదట్లో ఉండి, దాని వెనక మీ లింకు అతుక్కుంటుంటే ఎస్కేప్ చేయనిది. వాళ్ల లింకు ఇంకో లింకులోపల పారామీటరుగా కూర్చుంటుంటే ఎస్కేప్ చేసినది, లేకపోతే లోపలి ఆంపర్‌సాండ్‌లు బయటి పారామీటర్లని చీల్చేస్తాయి. రెండు నెట్‌వర్కులు ఒకదాని మీద ఒకటి ఉంటే రెండుసార్లు ఎస్కేప్ చేసే మాక్రో కూడా కొన్నిట్లో ఉంటుంది. పెట్టాక టెస్ట్ పేజీలో ఒకసారి నొక్కి, తెలుగు పేరున్న లింకుతో మళ్లీ నొక్కి చూడండి. శాతం 25 ఈ0 కనపడితే ఒక మడత ఎక్కువైనట్టు.